ఊపిరితిత్తుల పటము: దాని పూర్వకథ



నేటి ప్రసంగమునకు విషయము ఒక పటము. పాఠశాలలలో గోడకు వ్రేలాడుచు, వైద్యశాలలలో వైద్యుని కుర్చీ వెనుక కానవచ్చుచు, పిల్లల శాస్త్రపుస్తకములలో తప్పక యొక పుటను ఆక్రమించుకొని యుండు పటమది. నడుమ నొక గొట్టము, దాని క్రింద రెండు పాయలు, ఆ పాయల చివర రెండు సంచులు. చూచుటకు తలక్రిందులుగా నిలిపిన చెట్టువలె నుండును. దాని క్రింద 'ఊపిరితిత్తులు' అని వ్రాసియుందురు. నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు ఆ పటమును చూపి పాఠము చెప్పినవాడను. పిల్లలు దానిని చూచి గీసి, రంగులు పూసి, మార్కులు తెచ్చుకొని మరచిపోవుదురు. అది వారి వయస్సునకు సహజమే. కాని ఆ పటమును మొట్టమొదట గీసినవారెవరు, దేనిని చూచి గీసిరి, ఎవరి దేహమును తెరచి చూచిరి అను ప్రశ్నలు పెద్దలమైన మనకైనను కలుగవలయును. ఆ ప్రశ్నల వెనుక రెండువేల యేండ్ల చరిత్ర కలదు.

ముందుగా పటములోని విషయమును మాటలలో చెప్పెదను. రేడియోలో పటము చూపుటకు వీలులేదు గనుక మీ దేహమునే పటముగా చేసికొనుడు. కుడిచేతి వ్రేళ్లను గొంతుపై నుంచుడు. గట్టిగా తగులు గొంతుముడియే స్వరపేటిక. అందు స్వరతంత్రులను రెండు మడతలు కలవు. ఊపిరి వాని నడుమనుండి వెలువడునప్పుడు అవి కంపించి ధ్వని పుట్టును. గొంతుముడి క్రింద వ్రేలిని మెల్లగా జార్చినచో మెట్లు మెట్లుగా తగులునది వాయునాళము. అది సుమారు నాలుగున్నర అంగుళముల పొడవు కలది. పదునారు మొదలు ఇరువదివరకు మృదులాస్థి కట్లు దానిని మూసికొనిపోకుండ నిలిపియుంచును. ఆ కట్లు పూర్తి వలయములు కావు. గుఱ్ఱపు లాడమువలె వెనుకవైపు తెరచియుండును. ఆ వెనుకనే అన్నము దిగు ఆహారవాహిక యున్నది. పెద్ద కబళము దిగునప్పుడు అది కొంచెము ఉబ్బుటకు చోటు కావలయును గదా! ఆ చోటు అక్కడ అమరియున్నది.

వాయునాళము రొమ్ములో రెండు పాయలై, ఆ పాయలు మరల చీలుచు, ఇరువది మూడు తరముల వరకు కొమ్మలు రెమ్మలై వ్యాపించును. చివరి రెమ్మలకు గుత్తులు గుత్తులుగా వాయుగోణులను బుడగలు వ్రేలాడుచుండును. మన కాలపు శాస్త్రజ్ఞులు లెక్కింపగా వానిసంఖ్య సగటున 48 కోట్లు తేలినది. ఒక్కొక్క బుడగచుట్టును కేశనాళికలు వలవలె అల్లుకొనియుండును. గాలిలోని ప్రాణవాయువు నెత్తురులో చేరుటయు, నెత్తురులోని చెడుగాలి వెలికి వచ్చుటయు ఆ పలుచని పొరమీదనే జరుగును. రొమ్మునకును కడుపునకును నడుమ ఉదరవితానమను కండరము గొడుగువలె నున్నది. అది క్రిందికి దిగునప్పుడు రొమ్ము విశాలమై గాలి లోనికి వచ్చును. పైకి లేచునప్పుడు గాలి వెడలును. ఇంతయే యంత్రము. ఈ యంత్రము నిట్లున్నదని తెలిసికొనుటకు మానవులకెంత కాలము పట్టినదో ఇక వినుడు.

మన దేశమున శరీరమును కన్నులార చూచి తెలిసికొనవలయునని చెప్పిన పురాతన గ్రంథము సుశ్రుతసంహిత. శరీరస్థానమున శవపరీక్షా విధానము స్పష్టముగా చెప్పబడినది. విషముచేత మరణింపనిది, దీర్ఘరోగముచేత కృశింపనిది, నూరేండ్లు నిండనిది యగు దేహమును తీసికొని, ముంజగడ్డి మున్నగువానితో చుట్టి, పంజరమున నుంచి, ఎవరికిని కనబడని చోట పారునీటిలో ఏడు రాత్రులు నాననీయవలయును. పిదప వట్టివేరు, వెదురు, వెండ్రుకలు మొదలగువానితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని లోపలి యవయవముల నన్నింటిని వరుసగా చూడవలయును. శాస్త్రమున విన్నదియు కంటితో చూచినదియు రెండును కలిసిననే జ్ఞానము వృద్ధియగునని ఆ ఋషి యభిప్రాయము. ఫుప్ఫుసమను పేరు ఆ గ్రంథమున కలదు. అయినను గ్రంథములు కంఠస్థముగా, పాఠముగా వచ్చినవి గాని పటములుగా రాలేదు. కాలక్రమమున వైద్యులు శవమును ముట్టుట మానిరి. శ్లోకము నిలిచినది, కుంచె చేజారినది.

పాశ్చాత్యదేశములలో ఇంచుమించు ఇదే జరిగినది. క్రీస్తుశకము 129లో పెర్గమము నగరమున జన్మించిన గేలెను మహావైద్యుడు. రోమునగరమున మనుష్యశవమును కోయు ఆచారము లేకపోవుటచే ఆయన కోతులను, పందులను కోసి చూచెను. ఒకనాడు అరచుచున్న పందిమెడలో ఒక సన్నని నాడిని బంధింపగా దాని యరుపు తక్షణమే ఆగిపోయెను. నోరు కదలుచున్నది గాని ధ్వని లేదు. కంఠధ్వని మెదడు ఆజ్ఞకు లోబడియున్నదని ఇట్లు లోకమునకు తెలిసినది. మహత్తరమైన విషయము. కాని అదే గేలెను, గుండెలో కుడిగదికిని ఎడమగదికిని నడుమ నున్న గోడలో కంటికి కనబడని రంధ్రములున్నవనియు, నెత్తురు వానిద్వారా ప్రవహించుననియు వ్రాసెను. ఆ రంధ్రములు లేవు. అయినను పదమూడు వందల యేండ్లు యూరపు వైద్యులు వానిని ఉన్నవిగానే నమ్మిరి. గురువు పీఠముపై కూర్చుండి గేలెను గ్రంథమును చదువును. క్రింద మంగలి శవమును కోయును. శిష్యులు చుట్టును నిలిచి చూతురు. గ్రంథమున నున్నది శవమున లేకున్న, శవమునదే తప్పని యనుకొనుచుండిరి!

ఈ యంధకారమున కన్ను తెరచినవాడు వైద్యుడు కాడు, చిత్రకారుడు. 1452లో పుట్టి 1519లో మరణించిన లియొనార్డో డావిన్చి పేరు మీరు వినియుందురు. ఆయన రాత్రులందు శవములను కోసి చూచి, వాయునాళమును, స్వరపేటికను, ఊపిరితిత్తులలోని కొమ్మలను కాగితముపై వ్రాసెను. ఊపిరితిత్తులలోనికి గాలి నూది, ఆ గాలి గుండెలోనికి పోవుటలేదని గ్రహించి ఆ మాట వ్రాసికొనెను. అంతటి నేర్పరి చేతిలో అంతటి సత్యము చిక్కియు, లోకమునకు ఉపయోగపడలేదు. ఆయనతో కలిసి పనిచేసిన పేవియా నగరపు శరీరశాస్త్రాచార్యుడు మార్కంటోనియో డెల్లా టొర్రె 1511లో మహమ్మారిచే మరణించెను. గ్రంథము వెలువడలేదు. ఆ కాగితములు చేతులు మారి మారి ఇంగ్లండు రాజుల విండ్సరుకోటలో చేరి, శతాబ్దములు పెట్టెలలో నుండిపోయినవి. దాచిన విద్య దాచినవానితోనే పోవునని మన పెద్దలు చెప్పు మాటకు ఇంతకన్న నిదర్శనము వేరే యేల?

మహాశయులారా! 1543వ సంవత్సరమును గుర్తుంచుకొనుడు. బ్రస్సెల్సు నగరమున పుట్టి, ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆంద్రియాస్ వెసేలియస్, తన యిరువదియెనిమిదవ యేట, మనుష్యశరీర నిర్మాణమును గూర్చి బృహద్గ్రంథమును బేసెలు నగరమున అచ్చువేయించెను. పీఠముమీదనుండి దిగి, తన చేతితోనే కోసి చూచిన ఆచార్యుడతడు. మన బందరు అద్దకపు పనివారు కొయ్యపై పువ్వును చెక్కి గుడ్డపై అద్దునట్లు, వెనీసు పనివారు కొయ్యదిమ్మలపై ఎముకను, కండరమును, వాయునాళమును చెక్కిరి. ఆ దిమ్మలను ఆల్ప్సు పర్వతముల మీదుగా బేసెలునకు తరలించిరి. ఆ గ్రంథముతో పటము మాటకు తోడుగా కాక సాక్షిగా నిలిచినది. చదివినవాడు చదివిన దానిని చూచి సరిపోల్చుకొనవచ్చును. ఆ కొయ్యదిమ్మలు నాలుగు వందల యేండ్లు భద్రముగా నుండి, రెండవ ప్రపంచయుద్ధమున మ్యూనిక్ నగరముపై బాంబులు పడినప్పుడు కాలి బూడిదయైనవి.

ఆ గ్రంథాంతమున వెసేలియస్ ఒక పరీక్షను వర్ణించెను. రొమ్ము తెరచిన జంతువునకు ఊపిరితిత్తులు ముడుచుకొనిపోవును, గుండె తడబడును. అప్పుడు వాయునాళమునకు రంధ్రముచేసి, అందు రెల్లుగొట్టము నమర్చి ఊదినచో ఊపిరితిత్తులు మరల లేచును, గుండె మరల బలము పుంజుకొనును. నేడు పెద్దాసుపత్రులలో ఊపిరాడని రోగికి గొట్టమువేసి యంత్రముతో గాలి నందించుట మనము చూచుచున్నాము. 2020, 2021 సంవత్సరములలో కరోనావ్యాధి కాలమున ఆ యంత్రముకొరకు ఎన్ని కుటుంబములు పరితపించినవో మరువగలమా? ఆ యంత్రమునకు మూలము ఈ రెల్లుగొట్టమే.

వెసేలియస్ తరువాత పాడువాలో ఫాబ్రీషియస్ అను ఆచార్యుడు వెలసెను. ఆయన యింట కసేరియస్ అను పేదబాలుడు సేవకుడుగా చేరెను. యజమాని శవమును కోయుచుండగా చూచి చూచి విద్య నేర్చెను. వైద్యపట్టము పొందెను. తుదకు గురువుతో సమానుడై గురువున కీర్ష్య పుట్టించెను. ఆ యిద్దరి వైరము పాడువాలో అందరికిని తెలిసినదే. 1600, 1601 సంవత్సరములలో కసేరియస్ కంఠధ్వనిని, వినికిడిని గూర్చి గ్రంథము ప్రకటించెను. కొయ్యకు బదులు రాగిరేకులపై సన్నని గీతలతో చెక్కించిన పటములందున్నవి. మనుష్యుని స్వరపేటికయే కాక పిల్లి, కుక్క, పంది మున్నగు జంతువుల స్వరపేటికలును వరుసగా కలవు. ఊపిరాడని రోగికి మెడముందు వాయునాళమును తెరచి గొట్టమునుంచు శస్త్రచికిత్సను పటముగా చూపిన తొలిగ్రంథములలో నది యొకటి. సేవకుడుగా తలుపుప్రక్కన నిలిచి చూచినవాని కన్నులు ఎంత సూక్ష్మమైనవో ఆ పటములు చెప్పుచున్నవి.

ఇంతవరకు నాళముల కథ. ఊపిరితిత్తులలో నెత్తురు ఏమి చేయుచున్నదను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. ఈ ప్రశ్నకు మొదటి సమాధానము యూరపులో కాదు, కైరోనగరమున లభించినది. 1242 ప్రాంతమున ఇబ్న్ అల్ నఫీసను అరబ్బీ వైద్యుడు, గుండె నడిమి గోడలో రంధ్రములు లేవనియు, నెత్తురు కుడిగదినుండి ఊపిరితిత్తులకు పోయి, అచ్చట గాలితో కలిసి, ఎడమగదికి వచ్చుననియు నిర్భయముగా వ్రాసెను. ఆ వ్రాత ప్రతులలో మరుగుపడియుండి, 1924లో ఒక ఈజిప్టు వైద్యవిద్యార్థి బెర్లినులోని ప్రతిని చదువుటచే మరల వెలుగులోనికి వచ్చినది. యూరపున నిదే మాటను 1553లో మైకేల్ సర్వీటస్ వ్రాసెను. అతని గ్రంథము మతవిషయకమైనది. అందలి మతాభిప్రాయములకు కోపించిన పెద్దలు ఆ సంవత్సరమే అక్టోబరు 27వ తేదీన జెనీవానగరమున అతనిని గ్రంథముతోకూడ సజీవముగా కాల్చివేసిరి. ఆ గ్రంథము ప్రతులు లోకమున నేడు మూడు మాత్రమే మిగిలియున్నవి. ఊపిరిని గూర్చి సత్యము వ్రాసినవాడు మంటలలో మరణించెను.

1628లో విలియం హార్వే నెత్తురు గుండెనుండి వెడలి మరల గుండెకు వచ్చు చక్రమును నిరూపించెను. కాని పోవు నాళమునుండి వచ్చు నాళమునకు నెత్తురెట్లు దాటుచున్నదో ఆయన కంటికి కనబడలేదు. ఆ సంవత్సరమే ఇటలీలో మాల్పీఘి జన్మించెను. సూక్ష్మదర్శినిని చేపట్టి, కప్ప ఊపిరితిత్తిని ఎండబెట్టి చూచి, 1661లో తన మిత్రుడు బొరెల్లికి రెండు లేఖలు వ్రాసెను. ఊపిరితిత్తి గట్టి మాంసపుముద్ద కాదనియు, పలుచని పొరల బుడగలరాశి యనియు, ఆ పొరలపై వెండ్రుకకన్న సన్నని నాళములు వలవలె అల్లుకొనియున్నవనియు ఆ లేఖలలోని మాటలును పటములును తెలిపినవి. హార్వే వెదకిన వంతెనను, హార్వే గ్రంథము పుట్టిన యేడు పుట్టినవాడు, చెరువుగట్టున దొరకు కప్పయందు చూచెను. అల్పప్రాణియని దేనిని తీసివేయగలము?

ఇచ్చట మన తెలుగుమాటను గూర్చి యొక సంగతి మనవిచేయవలయును. సంస్కృతమున ఫుప్ఫుసమను మాట నుండగా మన పెద్దలు 'ఊపిరితిత్తి' యనిరి. తిత్తి యనగా తోలుసంచి. కమ్మరి కొలిమివద్ద గాలి నూదునది కొలిమితిత్తి. కమ్మరి తిత్తిని తెరచినప్పుడు గాలి లోపలికి వచ్చును, అదిమినప్పుడు వెడలి నిప్పును రాజేయును. ఈ పేరు పెట్టిన వారెవరో తెలియదు గాని వారు కొలిమిని, మేకను కోయువాని మంగమును రెంటిని శ్రద్ధగా చూచినవారై యుందురు. 1667 అక్టోబరులో లండనులోని రాయల్ సొసైటీ సభలో రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు ఇదే తిత్తితో ఒక పరీక్ష చేసెను. రొమ్ము తెరచిన కుక్క వాయునాళమున తిత్తుల గొట్టము నమర్చెను. ఊపిరితిత్తులపై సన్నని రంధ్రములు పొడిచి, గాలి యెడతెగక ప్రవహించునట్లు ఊదించెను. ఊపిరితిత్తులు కదలకుండ ఉబ్బియే యున్నవి. అయినను గుండె కొట్టుకొనుచునే యుండెను. ఊదుట ఆపగానే ప్రాణి గిలగిల కొట్టుకొనెను, మరల ఊదగా స్థిమితపడెను. ప్రాణమును నిలుపునది రొమ్ము కదలిక కాదు, ఎప్పటికప్పుడు వచ్చు క్రొత్తగాలియే యని తేలినది. అంతకు మూడేండ్లకు ముందు ఇట్టి పరీక్ష నొకటి చేసినప్పుడు, ఆ ప్రాణి పడిన హింసను చూచి మరల చేయుటకు మనసొప్పదని హుక్ ఒక మిత్రునకు జాబు వ్రాసియుండెను. జ్ఞానమునకు వెల యున్నది. ఆ వెలను చెల్లించినది చాలసారులు నోరులేని జీవమే.

స్వరపేటికను బ్రతికియున్న మనుష్యునిలో చూచినవాడును వైద్యుడు కాడు. మాన్యుయల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుడు 1854లో, పండ్లవైద్యులు వాడు చిన్న యద్దమును గొంతులో నుంచుకొని, మరియొక యద్దముతో సూర్యకాంతిని దానిపై ప్రసరింపజేసి, తాను పాడుచుండగా తన స్వరతంత్రులు కలియుటను విడిపోవుటను చూచెను. మరుసటి యేడు రాయల్ సొసైటీకి ఆ సంగతి తెలిపెను. మూసిన కంఠమును కత్తి లేకుండ చూపిన ఆ యద్దమే గొంతువైద్యమునకు పునాది. ఆ గాయకగురువు నూరేండ్లు దాటి జీవించి 1906లో మరణించెను.

ఇక మన దేశమునకు వత్తము. 1835లో కలకత్తాలో వైద్యకళాశాల నెలకొల్పబడినది. మరుసటి యేడు, 1836లో, మధుసూదనగుప్తుడను ఆయుర్వేదపండితుడు అచ్చట మనుష్యశవమును తన చేతితో కోసెను. ఆయన సంస్కృత కళాశాలయందు వైద్యశాస్త్రము బోధించినవాడు. ఆంగ్లములోని శరీరశాస్త్ర గ్రంథము నొకదానిని సంస్కృతమున కనువదించినవాడు. కులాచారమును కాదని శవమును ముట్టుటకు ఎంత ధైర్యము కావలసినదో మీవంటి పెద్దలకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. శ్లోకమువెంట చేజారిన సుశ్రుతుని కుంచె మరల పండితుని చేతికి వచ్చినదని నేననుకొందును.

మన పాఠశాలలలోని పటమునకు దగ్గరి పూర్వుడు 1858లో లండనులో వెలువడిన గ్రేపండితుని శరీరశాస్త్ర గ్రంథము. హెన్రీ గ్రే వచనము వ్రాసెను. హెన్రీ వాండైక్ కార్టరు 363 పటములు గీసెను. అవయవముల పేర్లను ఆ యవయవములమీదనే వ్రాయుటవలన విద్యార్థికి వెదకులాట తప్పినది. గ్రంథమునకు గ్రే పేరే నిలిచినది. ముఖపత్రమున కార్టరు పేరు చిన్న అక్షరములలో పడినది. అమ్మకముపై ప్రతిఫలము గ్రేకు చేరగా, కార్టరునకు ఒక్కమారు ఇచ్చిన నూటయేబది పౌనులే దక్కినవి. పుస్తకము వెలువడునాటికే కార్టరు బొంబాయికి వచ్చి, గ్రాంటు వైద్యకళాశాలలో శరీరశాస్త్రము బోధించుచుండెను. ముప్పది యేండ్లు ఈ దేశమున నుండి, కుష్ఠును గూర్చియు, కాలిపుండ్లను గూర్చియు, తిరుగుడు జ్వరమును గూర్చియు పరిశోధనలు చేసెను. గ్రే 1861లో మశూచిచే యువకుడుగానే మరణించెను. కార్టరు 1888లో స్వదేశమునకు పోయి, 1897లో క్షయవ్యాధితో కన్నుమూసెను. ఊపిరితిత్తులను లోకమున కంతకును గీసి చూపినవానిని క్షయ బలిగొనెను. 1895లో రాంట్జెను కనిపెట్టిన కిరణములు రొమ్ములోని క్షయను పటముగా చూపుట అప్పుడప్పుడే మొదలగుచుండెను.

ఇప్పుడు, మొదట వేసిన ప్రశ్నలలో చివరిదానికి వత్తము. ఈ పటములకై తెరచిన దేహము లెవరివి? వెసేలియస్ కోసినవి యురితీయబడిన నేరస్థుల దేహములు. పాడువాలోని న్యాయాధిపతి వానిని ఆయన కిప్పించుచుండెను. గ్రే, కార్టరులు కోసినవి లండను ఆసుపత్రులలో, అనాథాశ్రమములలో దిక్కులేక మరణించిన పేదల దేహములు. వారి నెవరును అడుగలేదు. వారి పేర్లు ఏ పుటలోను లేవు. ఇరువదవ శతాబ్దమున ఇంతకన్న ఘోరము జరిగినది. వియన్నానగరమున పెర్న్‌కోప్ఫ్ అను ఆచార్యుడు హిట్లరు కాలమున వేయించిన శరీరపటముల గ్రంథము సౌందర్యమున సాటిలేనిదని వైద్యులు పొగడుచుండిరి. తరువాత ఆ విశ్వవిద్యాలయమే విచారణ జరిపి 1998లో ప్రకటించినదేమనగా, నాజీ ప్రభుత్వము వధించినవారి దేహములు 1377కు తక్కువ కాకుండ ఆ శాలకు చేరినవి. ఆ పటములలో నున్నవారు హతులని తెలిసిన పిదప ఆ గ్రంథమును చేతబట్టుటకు అనేక వైద్యుల చేతులు వణకినవి. చూచు కన్ను నిర్మలముగా నుండవలయునన్న, చూపబడిన దేహము ధర్మముగా లభించియుండవలయును.

దీనికి మార్గమొకటి మన పురాణమున మీరెరిగినదే కలదు. దధీచిమహర్షిని దేవతలు వచ్చి యాచించిరి. ఆయన సమ్మతించి తన ఎముకల నిచ్చెను. వానితో వజ్రాయుధ మమరినది. ఆ కథలో దానముకన్న ముఖ్యమైనది అడుగుట, ఒప్పుకొనుట. నేడు మన వైద్యకళాశాలలలో తమ దేహమును మరణానంతరము విద్యార్థుల చదువునకీయవలయునని బ్రతికియుండగనే వ్రాసియిచ్చువారున్నారు. అంత్యక్రియలు, గతులు అను విశ్వాసము బలముగా గల మన యిండ్లలో ఇది తేలికయైన నిర్ణయము కాదు. చేయుడని గాని వలదని గాని చెప్పుటకు నేనెవ్వడను? ఒకటి మాత్రము మనవిచేసెదను. ఊరిలో నెవరైన అట్టి నిర్ణయము చేసికొనినచో వారిని వింతగా చూడకుడు. వారి బిడ్డలు కర్మ చేయలేదని నిందింపకుడు. రేపు మన మనుమనిగొంతులో గొట్టము వేయు వైద్యుడు ఆ విద్యను అట్టి మహనీయుని దేహముపైననే నేర్చియుండును.

చివరగా, ఈ పటము మన నిత్యజీవనమునకు చెప్పు మాటలు కొన్ని. అన్నము తినుచు నవ్వినను మాటలాడినను పొలమారును. ఎవరో తలచుకొనుచున్నారని నెత్తిపై తట్టుదుము. నిజమున జరుగునదేమనగా, మ్రింగునప్పుడు ఉపజిహ్విక యను మూత స్వరపేటికపై వాలి వాయునాళమును కాపాడును. మాటకై ఆ ద్వారము తెరచియున్నప్పుడు మెతుకు దారితప్పును. వయస్సు మీరినవారికి మ్రింగు శక్తి తగ్గును గనుక నిటారుగా కూర్చుండి, చిన్నకబళములతో, మౌనముగా భుజించుట మంచిది. మౌనభోజనము మన పెద్దల యాచారమే.

కుడివైపు పాయ ఎడమదానికన్న వెడల్పుగను నిట్టనిలువుగను ఉండును. కావుననే పసిబిడ్డ నోటినుండి జారిన వేరుసెనగపప్పో, చింతగింజయో, సీతాఫలపు గింజయో తరచుగా కుడి ఊపిరితిత్తికి పోవును. ఆడుకొనుచు గింజలు తినిన బిడ్డ ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరియై దగ్గి, పిదప తేరుకొన్నట్లు కనబడినను, ఊపిరిలో పిల్లికూత వినబడినచో తడవుచేయక ఆసుపత్రికి తీసికొనిపోవలయును. గింజ కనబడకుండ నోటిలో వ్రేలుపెట్టి కెలకరాదు. అది మరింత లోపలికి దిగును. రెండు వారములు మించి దగ్గు తగ్గనివారు కళ్లె పరీక్ష చేయించుకొనవలయును. కార్టరునకు లేని మందు నేడు ప్రభుత్వాసుపత్రులలో మనకు ఉచితముగా లభించుచున్నది. చుట్టగాని బీడీగాని కాల్చు పెద్దలు నాపై కోపగింపవలదు. 48 కోట్ల బుడగలలో మాడిపోయినది మరల మొలవదు. వంటయింటి కట్టెలపొగలో దగ్గుచు వండు కోడండ్రకు కూతుండ్రకు గాలిపోవు కిటికీయో పొగలేని పొయ్యియో అమర్చుట ఇంటి పెద్దల ధర్మము.

ఊపిరియున్న ఉప్పమ్ముకొని బ్రతుకవచ్చునని మన సామెత. ఆ ఊపిరి దారిని మనకు చూపుటకు పేరులేని పేదలు, నోరులేని జంతువులు, కాలిపోయిన పండితుడు, తలుపుప్రక్క నిలిచిన సేవకుడు, తన గొంతులోనికి తానే చూచుకొనిన గాయకుడు ఎందరో తోడ్పడిరి. ఈసారి మీ మనుమడు ఆ పటమును గీయుచుండగా ప్రక్కన కూర్చుండి, వీరి కథలలో నొకటియైన వానికి చెప్పుడు. పటమును చూచి గీసినవాడు మార్కులు తెచ్చుకొనును. కథను విని గీసినవాడు దానిని మరువడు.